గ్రే కార్డు మీద మీటరొక మాట, కెమెరా ఒక మాట చెబుతుంటే మీటర్ పాడైనట్టేనా?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను, తర్వాత చదివేవాళ్లకీ పనికొస్తుంది. శ్రీకాకుళంలో పెళ్లిళ్లు, చిన్న చిన్న ప్రొడక్ట్ షూట్లు చేస్తున్నావు. సెకండ్ హ్యాండ్‌లో సెకోనిక్ ఎల్-308ఎస్ లైట్ మీటర్ తీసుకున్నావు. డాబా మీద ఎండలో గ్రే కార్డు (మీద పడ్డ కాంతిలో 18 శాతం వెనక్కి పంపే బూడిదరంగు అట్ట) పెట్టి చూస్తే ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8కి మీటరేమో 1/500 అంటోంది, కెమెరాలో స్పాట్ మీటరింగేమో 1/800 అంటోంది. అంటే మూడింట రెండొంతుల స్టాప్ తేడా (ఒక స్టాప్ అంటే కాంతి రెట్టింపు కావడమో సగం కావడమో). మీటర్ పోయిందా, అమ్మినాయనకి తిరిగిచ్చేయాలా, కాలిబ్రేషన్ మనమే చేసుకోవచ్చా, మిర్రర్‌లెస్ కెమెరాలో హిస్టోగ్రామ్ (ఫ్రేమ్‌లో వెలుగు నీడలు ఎంతెంతో చూపే గ్రాఫు) కళ్లముందే ఉండగా అసలు ఈ మీటరెందుకు అన్నావు. మీ మావయ్య ఇచ్చిన పాత లూనాసిక్స్ 3 మీటర్ సంగతి కూడా అడిగావు, అది ఆఖర్న చెబుతాను.

తిరిగి ఇవ్వకు. నువ్వు రాసిన అంకెల్ని బట్టి చూస్తే ఆ మీటర్ బాగానే ఉండి ఉండాలి. అంతేకాదు, ఆ తేడా అటూ ఇటూ అంత రావడమే మామూలు. ఎందుకంటే నువ్వు పోల్చినవి రెండూ ఒకే పని చేసే సాధనాలు కావు. కెమెరా చూసేది కార్డు మీద పడి వెనక్కి తిరిగొచ్చిన కాంతిని. డోమ్ (తెల్లటి అర్ధగోళపు మూత) పెట్టిన మీటర్ చూసేది కార్డు మీద పడుతున్న కాంతిని. మొదటిదానికి ఎదురుగా ఉన్నది నలుపో తెలుపో తెలీదు, అంతా ఒక మధ్యరకం వస్తువే అనుకుని లెక్క కడుతుంది. రెండోదానికి వస్తువుతో సంబంధమే లేదు.

ఆ "మధ్యరకం" ఎంత అన్న దగ్గరే అందరూ తికమక పడతారు. 18 శాతం అని వేదవాక్కులా చెబుతారు గానీ మీటర్లు తయారుచేసేది ఆ లెక్కన కాదు. ఐఎస్‌ఓ 2720 అని 1974లో వచ్చిన ప్రమాణం ఉంది, అందులో రిఫ్లెక్టెడ్ (తిరిగొచ్చిన కాంతి) రీడింగుకి కె అని ఒక స్థిరాంకం, ఇన్సిడెంట్ (మీద పడే కాంతి) రీడింగుకి సి అని ఒకటి ఉంటాయి. ఆ ప్రమాణం ఒకే అంకె ఖాయం చెయ్యలేదు, ఒక పరిధి ఇచ్చి ఊరుకుంది. దాంతో కంపెనీకో అంకె. సెకోనిక్, క్యానన్, నికాన్ వాళ్లది కె విలువ 12.5. మినోల్టా, పెంటాక్స్ వాళ్లది 14. ఈ రెండింటికే స్టాపులో ఆరో వంతు తేడా ఉంది, ఎవరి మీటరూ పాడవకుండానే. ఇక సెకోనిక్ డోమ్‌కి సి విలువ 340, డోమ్ బదులు పెట్టుకునే చదునైన డిస్క్‌కి 250. ఇప్పుడు చిన్న లెక్క: 3.14ని 12.5తో గుణించి 340తో భాగిస్తే 0.115 వస్తుంది. అంటే డోమ్ రీడింగూ రిఫ్లెక్టెడ్ రీడింగూ సరిగ్గా ఒకటే రావాలంటే నీ కార్డు పదకొండున్నర శాతం కాంతిని వెనక్కి పంపేదై ఉండాలి. నీ దగ్గరున్నది 18 శాతం కార్డు. అది కెమెరాకి "మధ్యరకం" కన్నా తెల్లగా కనపడుతుంది, కాబట్టి కెమెరా తక్కువ ఎక్స్‌పోజర్ చాలంటుంది. ఎంత తక్కువంటే, 18కీ 11.5కీ మధ్య తేడా దాదాపు మూడింట రెండొంతుల స్టాప్. 1/500కీ 1/800కీ ఉన్నది సరిగ్గా అదే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదులే. గ్రే కార్డులు అమ్మిన కోడక్ వాళ్లే తర్వాతి రోజుల్లో కార్డుతోపాటు ఇచ్చిన కాగితంలో, మామూలు సబ్జెక్టులకి కార్డు మీద వచ్చిన రీడింగు కన్నా అర స్టాప్ ఎక్కువ ఇవ్వమని రాశారు. ఆ కాగితం ఎవరూ చదవరు, కార్డు మాత్రం బ్యాగులో పెట్టుకు తిరుగుతారు.

ఇంకోటి చూసుకో, ఇది ఎల్-308 కొన్నవాళ్లలో చాలామంది పొరపడే చోటు. స్క్రీన్ మీద ఎఫ్ నంబరు పక్కన చిన్నగా ఇంకో అంకె వస్తుంది. 8 పక్కన చిన్న 6 ఉంటే అది 8.6 కాదు. ఎఫ్ 8, దాని మీద స్టాపులో పదింట ఆరొంతులు. కెమెరా డయల్ మీద అది ఇంచుమించు ఎఫ్ 10. పక్కన 3 ఉంటే ఎఫ్ 9 పెట్టు, 6 గానీ 7 గానీ ఉంటే ఎఫ్ 10 పెట్టు, 9 ఉంటే నేరుగా ఎఫ్ 11కి వెళ్లిపో. దీన్ని దశాంశంగా చదివితే అరస్టాప్ దాకా తప్పు వచ్చేస్తుంది, నిందేమో మీటర్ మీద పడుతుంది. డోమ్‌ని కూడా పక్కకి జరిపే చోట పూర్తిగా, టక్ మనేదాకా జరిపావో లేదో చూడు. మధ్యలో ఆగితే రీడింగుకి అర్థం ఉండదు.

హిస్టోగ్రామ్ ఉండగా ఎందుకూ అన్నావు. హిస్టోగ్రామ్ మంచిదే, నేనూ చూస్తాను. కానీ అది ఫ్రేమ్‌లో ఏముందో చెబుతుంది తప్ప ముఖం మీద ఎంత కాంతి పడుతోందో చెప్పదు. మన పెళ్లిళ్లే తీసుకో. పెళ్లికూతురు పట్టుచీరలో ఉన్నంతసేపూ కెమెరా సర్దుకుపోతుంది. మధుపర్కాలు కట్టుకుని ఇద్దరూ బయటికొచ్చారా, ఎర్ర అంచున్న తెల్లబట్ట ఫ్రేమ్ నిండా పరుచుకుంటుంది, కెమెరా దాన్ని చూసి బెదిరి ఒక స్టాప్ తగ్గించేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. వెనకాల మావయ్యలు నల్లకోట్లు వేసుకుని నిలబడితే మళ్లీ ఎక్కించేస్తుంది. ఒకే మండపం, ఒకే లైటు, పావుగంటలో నాలుగు రకాల ఎక్స్‌పోజర్లు, ఆల్బమ్ చేసేటప్పుడు వాటిని ఒకదానికొకటి కలపడానికి రాత్రంతా కూర్చోవాలి. పీటల దగ్గర ఒక్క ఇన్సిడెంట్ రీడింగు తీసుకుని మాన్యువల్‌లో పెట్టేస్తే జీలకర్ర-బెల్లం నుంచి తలంబ్రాల దాకా లైటు మారనంతసేపూ ఒక్కటే సెట్టింగు. పొందూరు ఖద్దరు పంచెలు కట్టుకున్న పెద్దాయన వచ్చినా, నల్ల షర్టు కుర్రాడొచ్చినా చేయి డయల్ మీదకి పోదు. నాకు మీటర్ వల్ల కలిసొచ్చింది కచ్చితత్వం కన్నా ఈ నిలకడే.

సరే, కాలిబ్రేషన్. ఈ మాటకి ఇద్దరు రెండు అర్థాలు చెబుతారు. ల్యాబులో లక్స్ విలువ తెలిసిన దీపం కింద పెట్టి మీటర్ సరిగ్గా చదువుతోందా అని చూడటం ఒకటి, అది మన ఇంట్లో అయ్యే పని కాదు, మనకి అక్కర్లేదు కూడా. రెండోది, నీ మీటర్ చెప్పే అంకెకీ, నీ కెమెరా, నీ లెన్సు, నువ్వు ఫైల్ తెరిచే సాఫ్ట్‌వేర్ కలిసి ఇచ్చే ఫొటోకీ మధ్య తేడా ఎంతో కనుక్కుని ఆ తేడా మీటర్లో పెట్టేసుకోవడం. మనకి కావాల్సింది ఇదే. కెమెరా ఐఎస్‌ఓ 100 అని రాసుకున్నంత మాత్రాన అది నిజంగా 100లా నడవాలని లేదు, ఐఎస్‌ఓ 12232 అనే ప్రమాణంలో కంపెనీ వాళ్లే తమకి సరైనదనిపించిన విలువ చెప్పుకోవడానికి వీలిచ్చే పద్ధతి కూడా ఉంది. లెన్సు మీద ఎఫ్ 4 అని ఉన్నా లోపలి గాజుల్లో కొంత కాంతి పోతుంది, ముఖ్యంగా బోలెడు గాజులున్న జూమ్‌లో. సినిమావాళ్లు లెన్సుల మీద టీ-స్టాపులు (నిజంగా లోపలికొచ్చే కాంతిని బట్టి వేసిన అంకెలు) రాసుకునేది అందుకే. ఇవన్నీ కలిపి ఒక్క అంకెగా తేలాలి.

నేను చేసే పద్ధతి చెబుతాను. లైటు నిలకడగా ఉండే పూట ఎంచుకో. మబ్బులు ఆడే రోజు వద్దు, మన వైపు శీతాకాలం ఉదయాలు మంచు విడిపోయాక, తొమ్మిదిన్నర పది నుంచి బాగుంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు. మనం 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం, మే మధ్యలోనూ మళ్లీ జూలై చివర్లోనూ సూర్యుడు దాదాపు నడినెత్తికి వచ్చేస్తాడు, డోమ్‌ని కెమెరా వైపు తిప్పితే సగం వెలుగు సగం నీడ పడుతుంది, ముఖం మీద కళ్లు గుంటల్లోకి పోతాయి, అలాంటి వెలుతుర్లో తీసిన రీడింగుతో దేన్నీ ఖాయం చెయ్యకూడదు. సూర్యుడు నీ భుజం వెనకనుంచి, కాస్త పక్కగా రావాలి.

ఇంట్లోవాళ్లనెవరినైనా నిలబెట్టు. చేతికి గ్రే కార్డు ఇవ్వు, భుజం మీద తెల్ల తువ్వాలు వెయ్యి, ఉతికిన నూలుది, నేత కనపడేది అయితే మంచిది. నీలం వేసిన మెరుపు తెలుపు వద్దు. కార్డు నిగనిగ మెరవకుండా కొంచెం వంచి పట్టుకోమను. లెన్సు 50 ఎంఎం లాంటి ప్రైమ్ (జూమ్ లేనిది) అయితే నయం, ఎఫ్ 5.6 గానీ 8 గానీ పెట్టు, పూర్తిగా తెరిస్తే మూలలు చీకటవుతాయి. ఐఎస్‌ఓ 100, ఆటో ఐఎస్‌ఓ తీసెయ్యి. నికాన్‌లో యాక్టివ్ డి-లైటింగ్, క్యానన్‌లో ఆటో లైటింగ్ ఆప్టిమైజర్, హైలైట్ టోన్ ప్రయారిటీ లాంటివన్నీ ఆపెయ్యి, ఇవి నీకు తెలియకుండా వెలుతురు అటూ ఇటూ చేస్తాయి. లెన్సు ముందు పోలరైజర్ ఉంటే తీసెయ్యి, అదొక్కటే ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు మింగుతుంది. రా ఫైల్‌లో (కెమెరా దిద్దని ముడి ఫైల్) తియ్యి.

ఇప్పుడు మీటర్ని ఆ మనిషి గడ్డం కింద పెట్టి డోమ్‌ని కెమెరా లెన్సు వైపు తిప్పి రీడింగు తీసుకో. నీ నీడ డోమ్ మీద పడకూడదు, నువ్వు వేసుకున్న ఎర్ర టీషర్టు నుంచి వచ్చే వెలుగు కూడా పడకూడదు, చేయి చాచి పక్కకి నిలబడు. ఆ రీడింగు దగ్గర ఒక ఫొటో, తర్వాత షట్టర్ ఒక్కటే మారుస్తూ మూడో వంతు స్టాప్ చొప్పున ఒక స్టాప్ పైకి, ఒక స్టాప్ కిందికి. మొత్తం ఏడు ఫ్రేములు. అపెర్చర్ మార్చకు, లెన్సులో దాని కదలిక ప్రతిసారీ ఒకేలా ఉంటుందని నమ్మకం లేదు. అయిపోయాక మీటర్ రీడింగు మళ్లీ ఒకసారి చూడు. మధ్యలో ఎండ మారి ఉంటే ఆ సెట్టు పక్కన పడెయ్యి.

కంప్యూటర్లో తెరిచినప్పుడు ఆటో బటన్ నొక్కకు, నీ పెళ్లి ఫొటోలకి రోజూ ఏ ప్రొఫైల్ వాడతావో అదే పెట్టి చూడు. చూడాల్సినవి మూడు: తువ్వాలు మీద నేత కనపడుతోందా, ముఖం రంగు సహజంగా ఉందా, కార్డు అంకె ఎంత. 18 శాతం బూడిద రంగు ఎస్‌ఆర్‌జీబీలో (0 నుంచి 255 దాకా ఉండే మామూలు తెర రంగుల లెక్క) 118 దగ్గర ఉంటుంది. మొదటి రెండూ కుదిరిన ఫ్రేమ్‌లో కార్డు 118 కన్నా కాస్త పైనే కూర్చుంటుంది, కంగారు పడకు, పైన చెప్పిన లెక్క ప్రకారం అలాగే రావాలి. నేనైతే కార్డు కన్నా తువ్వాలునీ ముఖాన్నీ నమ్ముతాను, డబ్బులిచ్చేవాడు కార్డుని చూడడు కదా. ఏ ఫ్రేమ్ నచ్చిందో అది మీటర్ చెప్పినదానికి ఎంత దూరంలో ఉందో అదే నీ అంకె. మీటర్ చెప్పినదే నచ్చితే కాలిబ్రేషన్ అయిపోయినట్టే, ఏమీ కదపకు.

తేడా ఉంటే సరిచెయ్యడానికి రెండు దారులు. సెకోనిక్ డిజిటల్ మీటర్లలో చాలావాటికి పదో వంతు స్టాపుల చొప్పున సవరణ పెట్టుకునే సదుపాయం ఉంటుంది, ఏ బటన్లు పట్టుకుని ఆన్ చెయ్యాలో నీ మోడల్ మాన్యువల్లో చూడు. రెండోది ఇంకా తేలిక: మీటర్లో ఐఎస్‌ఓ మార్చెయ్. ఫొటోలు మూడో వంతు ఓవర్ వస్తున్నాయా, కెమెరా 100లో ఉండగా మీటర్లో 125 పెట్టు. అండర్ వస్తున్నాయా, 80 పెట్టు. దీనికున్న చిక్కు ఒక్కటే, కెమెరాలో 400కి వెళ్లినప్పుడు మీటర్లో 500కి వెళ్లాలని గుర్తుండాలి. హడావుడిలో గుర్తుండదు. అందుకే లోపలి సవరణ ఉంటే అదే వాడు, ఎంత పెట్టావో ఒక చీటీ మీద రాసి మీటర్ వెనకాల అంటించు. బ్యాటరీ మార్చాక సెట్టింగులు అలాగే ఉన్నాయో లేదో ఒకసారి చూసుకో. రెండు కెమెరాలతో పనిచేస్తుంటే రెండింటికీ ఈ పరీక్ష చెయ్యి, పెద్ద తేడా ఉంటే మెయిన్ బాడీకి మీటర్ సరిపెట్టి రెండోదాన్ని తేడాతో వాడుకో.

ఎండలో సరిగ్గా ఉన్న మీటర్ కల్యాణమండపంలోనూ సరిగ్గా ఉంటుందని రూలేం లేదు. సెకండ్ హ్యాండ్ కాబట్టి ఇది కూడా చూడు. రాత్రిపూట గదిలో తలుపులు మూసి, గోడలకి దూరంగా, చిన్న బల్బు ఒకటి వెలిగించు, ట్యూబ్‌లైటు వద్దు. బల్బు నుంచి 1 మీటరు దూరంలో రీడింగు, తర్వాత 1.4 మీటర్లు, 2 మీటర్లు, 2.8 మీటర్ల దగ్గర. దూరం రెట్టింపైతే కాంతి నాలుగో వంతు, 1.4 రెట్లైతే సగం అవుతుంది కాబట్టి ఒక్కో దూరం దగ్గర సరిగ్గా ఒక్కో స్టాప్ తగ్గుతూ రావాలి. గోడలు తెల్లవైతే చివర్లో స్టాప్ కన్నా కొంచెం తక్కువే తగ్గుతుంది, అది గోడల వల్ల, మీటర్ వల్ల కాదు. దూరం మారినప్పుడల్లా ఒకసారి స్టాపున్నర, ఒకసారి అర స్టాప్ అంటూ గెంతుతుంటే మాత్రం సెన్సర్‌ని అనుమానించు, అప్పుడు అమ్మినాయనతో మాట్లాడు. ఎల్-308 ఐఎస్‌ఓ 100 దగ్గర ఈవీ 0 (చాలా మసక వెలుతురుకి ఉండే ఎక్స్‌పోజర్ అంకె) దాకా చదువుతుంది, దానికన్నా చీకటి మన పనిలో ఎలాగూ రాదు.

డోమ్ శుభ్రత గురించి ఎవరూ చెప్పరు. పెళ్లిలో పసుపు చేతులు, కుంకుమ చేతులు అన్నీ దాని మీద పడతాయి. పసుపు అంటితే నీలం కాంతిని అడ్డేస్తుంది, ఎల్‌ఈడీ లైట్ల కింద రీడింగు తక్కువ చూపిస్తుంది. నీటి తడి ఉన్న మెత్తని గుడ్డతో తుడువు, థిన్నర్, స్పిరిట్ దగ్గరికి రానివ్వకు, ప్లాస్టిక్ మసకబారితే ఇక అంతే.

వాడకానికి వద్దాం. డోమ్ ఎటు తిప్పాలన్నది ఎప్పుడూ గొడవే. కొందరు లైటు వైపు అంటారు, కొందరు కెమెరా వైపు అంటారు. నా మాట: ఎక్స్‌పోజర్ కోసమైతే డోమ్ బయటికి, కెమెరా వైపు. 1930లలో డాన్ నార్‌వుడ్ అనే అమెరికన్ ఈ అర్ధగోళాన్ని పెట్టిందే అందుకు, ముఖంలాగే దానికీ ఒక పక్క వెలుగు ఒక పక్క నీడ పడి రెండింటినీ కలిపి చదవాలని. లైట్ల మధ్య నిష్పత్తి కొలవాలంటే మాత్రం చదునైన డిస్క్ పెట్టుకుని ఒక్కో లైటు వైపూ తిప్పి విడివిడిగా తీసుకో. కీ లైటు (ముఖ్యమైనది) ఎఫ్ 8, ఫిల్ లైటు (నీడలు తేలిక చేసేది) ఎఫ్ 5.6 వచ్చిందంటే ఒక స్టాప్ తేడా, పెళ్లికూతురి క్లోజప్పుకి హాయిగా ఉంటుంది. పెళ్లికొడుకు ముఖానికి ఇంకో స్టాప్ తేడా ఉన్నా తప్పులేదు.

సబ్జెక్టు దగ్గరికి వెళ్లలేనప్పుడు మీటర్ పనికిరాదని అనుకుంటారు, అది నిజం కాదు. దానికి మా ఊరు విజయనగరంలో జరిగే సిరిమాను ఉత్సవం కన్నా మంచి ఉదాహరణ లేదు. దసరా అయ్యాక వచ్చే మంగళవారం, పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా జనం ఇసకేస్తే రాలనట్టు ఉంటారు, చింతమాను చివర పూజారి గారు ఆకాశంలో కూర్చుని ఉంటారు, వెనకాల అంతా తెల్లటి ఆకాశం. కెమెరాని ఆటోలో వదిలేస్తే ఆకాశాన్ని చూసి ఎక్స్‌పోజర్ కోసేస్తుంది, అమ్మవారి ప్రతిరూపంగా కొలిచే మనిషి నల్లని బొమ్మలా మిగులుతారు. ఏటి చెయ్యాలి? ఆయన మీద పడే ఎండా నీ మీద పడే ఎండా ఒకటే. నువ్వున్న చోటే, నీడలేవీ పడకుండా, మీటర్ని తల మీదకెత్తి డోమ్‌ని నీ వీపు వైపు, అంటే లెన్సు చూసే దిక్కుకి సరిగ్గా వ్యతిరేకంగా తిప్పి రీడింగు తీసుకో. ఆయన ముఖం నీ కెమెరా వైపు ఉంటే ఆ ముఖం మీద పడే వెలుతురు అదే. మాను మలుపు తిరిగి నువ్వు ఎండకి ఎదురుగా తియ్యాల్సి వచ్చిందనుకో, డోమ్ అలాగే వీపు వైపే ఉంచు, ఈసారి డోమ్ నీడలో పడుతుంది, ఒకటిన్నర, రెండు స్టాపులు పెరుగుతుంది, ముఖం వస్తుంది, ఆకాశం తేలిపోతుంది. ఆకాశం కూడా కావాలంటే మూడింట రెండొంతులు తగ్గించి తర్వాత రా ఫైల్లో నీడలు లేపుకో. రెండూ పూర్తిగా దక్కవు. ఒకటేదో ఎంచుకోవాలి. అయితే నువ్వు ఎండలో ఉండి సబ్జెక్టు భవనం నీడలో ఉంటే ఈ కిటుకు చెల్లదు, అప్పుడు నువ్వు కూడా ఏ గోడ నీడకో వెళ్లి రీడింగు తీసుకోవాలి.

మీటర్‌ని నమ్మకూడని చోటు ఒకటుంది, సంగీత్‌లో స్టేజి మీద నీలం, ఊదా ఎల్‌ఈడీ లైట్లు. మీటర్ మనిషి కంటికి దగ్గరగా ఉండేలా ఫిల్టర్ పెట్టి చేసినది, నీలాన్ని తక్కువగా లెక్కేస్తుంది. కెమెరా సెన్సర్లో నీలం గడి మాత్రం నిండిపోయి ఉంటుంది. మీటర్ సరే అన్న ఎక్స్‌పోజర్లో ముఖం ప్లాస్టిక్ మాస్కులా, ఒక ముద్దలా వస్తుంది. అక్కడ మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూసుకుని నీలం గ్రాఫు కుడి అంచుకి తగలకుండా తగ్గించు. చవకరకం ఎల్‌ఈడీలకి మినుకు కూడా ఉంటుంది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అవి సెకనుకి 100 సార్లు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. మీటర్ రీడింగు నొక్కినప్పుడల్లా గెంతుతుంటే దాన్ని తప్పుపట్టకు, కెమెరా షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టి చూడు, ఫొటోలు నిలకడకి వస్తాయి.

ఫ్లాష్ కొలతకి ఎల్-308 చాలు. మీటర్లో పెట్టిన షట్టర్ స్పీడూ కెమెరాలో పెట్టినదీ ఒకటే ఉండాలి, ఎందుకంటే అది ఫ్లాష్‌తోపాటు గదిలో ఉన్న వెలుతుర్ని కూడా కలిపి చెబుతుంది. హై స్పీడ్ సింక్‌ని ఇది కొలవలేదు, పగటిపూట అవుట్‌డోర్లో 1/2000 పెట్టి ఫ్లాష్ కొట్టేటప్పుడు మీటర్ జేబులో పెట్టేసుకో.

నువ్వు బుడితి ఇత్తడి సామాన్ల ఫొటోలు తియ్యాలన్నావు కదా, దానికి ఒక్క మాట. మెరిసే ఇత్తడికి ఇన్సిడెంట్ రీడింగు మొదలుపెట్టడానికే పనికొస్తుంది. చెంబు మీద మనకి కనపడేది ఇత్తడి కాదు, దాంట్లో ప్రతిబింబించిన లైటు. చుట్టూ తెల్లగుడ్డ డిఫ్యూజర్ కట్టి, చెంబు దగ్గర రీడింగు తీసుకుని, అక్కణ్నుంచి మూడో వంతు చొప్పున తగ్గిస్తూ ఆ మెరుపు గీతలో రంగు నిలిచే చోట ఆగు. ఇంకా, మ్యాక్రో లెన్సుతో నగిషీ పని దగ్గరగా తీస్తే వస్తువు సెన్సర్ మీద అసలు సైజులో పడేటప్పుడు రెండు స్టాపులు పోతాయి, మీటర్‌కి ఆ విషయం తెలీదు, నువ్వే కలుపుకోవాలి. ఉంగరాల ఫొటోలకీ అంతే.

ఇక మావయ్య గారి లూనాసిక్స్ 3. అది చాలా మంచి మీటర్, సీడీఎస్ (కాడ్మియం సల్ఫైడ్) సెల్‌తో నడుస్తుంది, వెన్నెల్లో కూడా చదివేలా చేశారు. దాని చిక్కల్లా బ్యాటరీలే. అది 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు రెండింటి కోసం తయారైంది, పీఎక్స్625 అంటారు, పాదరసం వల్ల అవి మార్కెట్లోంచి పోయాయి. అదే సైజులో దొరికే ఆల్కలైన్‌వి 1.5 వోల్టులు, పైగా వాడేకొద్దీ వోల్టేజీ జారిపోతూ ఉంటుంది, వాటితో మీటర్ ఇవాళ ఒక మాట రేపు ఒక మాట చెబుతుంది. చెవి మిషన్లు అమ్మే షాపులో 675 నంబరు జింక్-ఎయిర్ బ్యాటరీలు అడుగు. 1.4 వోల్టులు, అయిపోయేదాకా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. చుట్టుకొలత చిన్నది కాబట్టి చుట్టూ రబ్బరు రింగు పెడితే గానీ కదలకుండా కూర్చోదు. స్టిక్కర్ పీకాక వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో అయిపోతాయి, కాబట్టి షూట్ ముందురోజు పీకు. సిల్వర్ ఆక్సైడ్ బటన్ సెల్స్ వాడుకునే అడాప్టర్ ఆ మీటర్ చేసిన గాసెన్ వాళ్లే చేశారు, ఎక్కడైనా కనిపిస్తే వదలకు. బ్యాటరీ పెట్టాక దాని బ్యాటరీ చెక్ నొక్కి ముల్లు గుర్తు మధ్యలోకి వస్తోందో లేదో చూసి, ఆ తర్వాత పైన చెప్పిన తువ్వాలు పరీక్షే దీనికీ చెయ్యి. ఎండలోంచి నేరుగా గదిలోకి తెచ్చి వెంటనే కొలవకు, సీడీఎస్ సెల్ తేరుకోవడానికి కాసేపు పడుతుంది, నాలుగైదు నిమిషాలు మూసి ఉంచి అప్పుడు నొక్కు.